తీసిన గడ్డను పారేయకండి
(విజయనగరంలో పెంపుడు జంతువుల వైద్య శిబిరంలో ఒక పశువైద్యుడి ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, గరివిడి వెటర్నరీ కాలేజీ విద్యార్థులకు, కుందేళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

నన్ను కుందేళ్ల మేత గురించి చెప్పమన్నారు. ఎండుగడ్డి ఎక్కువ పెట్టండి, క్యారెట్టు తగ్గించండి. అయిపోయింది. ఇక గడ్డల సంగతికి వస్తాను.

ఈమధ్య చీపురుపల్లి వైపు నుంచి ఒకావిడ ఐదేళ్ల ఆడ కుందేలును తెచ్చారు. రొమ్ముల వరసలో నిమ్మకాయంత గడ్డ. ‘‘ఏటి డాక్టరుబాబూ, కుందేలుకి కూడా కేన్సరొస్తాదేటి?’’ అన్నారు. వస్తుందమ్మా. అంతకుముందు ఒకచోట ఆపరేషన్ చేయించారట. రిపోర్టు ఏదమ్మా అని అడిగాను. ‘‘రిపోర్టేటి బాబూ, గడ్డ కోసి బకెట్లో పడేసినారు.’’

చూశారా! ఆ బకెట్ మీదే నా కోపం. గడ్డల్లో కొన్ని నీటితిత్తులు, కొన్ని చీముగడ్డలు, కొన్ని కేన్సర్లు. చేత్తో తడిమి చెప్పలేం, ల్యాబులో మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు ఇవ్వాలి. కేన్సరైతే ఊపిరితిత్తులకు పాకవచ్చు కాబట్టి ఆపరేషన్‌కి ముందే ఛాతీ ఎక్స్‌రే తీయాలి.

మనుషుల్లో రొమ్ము కేన్సర్ తేలగానే గడ్డ కణాల్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను అతుక్కునే రిసెప్టర్ ఉందా, హెర్‌-2 అనే ప్రోటీను ఎక్కువగా ఉందా అని చూస్తారు. మొదటిదుంటే టామాక్సిఫెన్, రెండోదుంటే ట్రాస్టుజుమాబ్. గడ్డ మీద గుర్తును బట్టే మందు. కుందేళ్లకు అలాంటి మందు ఇంకా స్థిరపడలేదు, ఇప్పటికి కత్తే దిక్కు. జర్మనీలో పెంపుడు కుందేళ్ల రొమ్ము గడ్డలనే తీసుకుని ఈస్ట్రోజన్, ఇంకో ఆడ హార్మోను ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ల కోసం వెతికారు. వాళ్లకు గడ్డలు ఎక్కడివి? ఎవరో పారేయకుండా దాచి పంపినవే కదా!

1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేలు చెవికి తారు పూసి, పూసి, కేన్సర్ పుట్టించి చూపించారు. రసాయనం కేన్సర్ తెస్తుందని లోకానికి రుజువు చేసింది ఆ చెవులే. అదే కుందేలుకి కేన్సరొస్తే మాత్రం ఆ గడ్డకి మన దగ్గర బకెట్!

బాబూ, వెనక బెంచీ కుర్రాళ్లూ, ఫోన్లు పక్కన పెట్టండి, ఇది మీకే. తీసిన గడ్డను, అది కుళ్లకుండా ఉంచే పది శాతం ఫార్మలిన్‌లో వేయండి. గడ్డకు పదింతలు ద్రావణం ఉండాలి. పెద్దదైతే లోపలిదాకా ఇంకేలా గాటు పెట్టండి. ఫ్రీజర్లో పెట్టకండి. సీసా మీద వయసు, గర్భసంచి తీశారా లేదా, ఏ రొమ్ము దగ్గర తీశారో రాసి ల్యాబుకు పంపండి. గర్భసంచి సంగతి ఎందుకంటే, ఆడ కుందేళ్లలో ఎక్కువగా వచ్చే కేన్సర్ అక్కడిదే. రెండు చోట్లా జబ్బున్న కుందేళ్లు ఉంటాయి. మూత్రంలో రక్తం కనబడితే బేగి తీసుకురండమ్మా. పిల్లలు వద్దనుకుంటే ఏడాదిలోపే గర్భసంచి, అండాశయాలు తీయించేయండి.

టైమైపోయిందని చీటీ పంపారు. సరే, ఇంకొక్క మాట. ఆపరేషన్‌కి ముందు కుందేలును పస్తుంచకండి, అది వాంతి చేసుకోలేదు, మేత ఆగితే పేగులు మొండికేస్తాయి. కుందేళ్లు తెచ్చినవాళ్లు ఆ బల్ల దగ్గరికి రండి, పొట్ట ఎలా తడమాలో చూపిస్తాను. చెవులు పట్టుకుని మాత్రం తేవద్దు.