మూడేళ్ల పిల్లలకు టీచరు కాదలచుకున్నవారికి
(విజయనగరంలో డిగ్రీ విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం.

చదువు అయ్యాక ఏం చేస్తారని ఈ హాలులో అడిగితే గ్రూప్ పరీక్షలనీ, డీఎస్సీ అనీ, బ్యాంకు ఉద్యోగమనీ వినిపిస్తుంది. నర్సరీ టీచరునవుతానని చెప్పేవారు అరుదు. చెప్పినా, ఏదో ఒకటి దొరికేదాకా అన్న మాట దాని వెంటే వస్తుంది. పిల్లలంటే ఇష్టముంటే ఈ పని ఎవరైనా చేయగలరన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోవడమే ఇందుకు కారణం. ఇష్టం ఉండవలసిందే. కాని ఇరవై మంది పిల్లలలో ఇవాళ ఎవరికి ఏం అవసరమో చూసి పట్టుకోవడం ఇష్టంతో రాదు, నేర్చుకుంటేనే వస్తుంది.

నాలుగేళ్ల పిల్లవాడు ఒకటి నుంచి ఇరవై దాకా తడబడకుండా వల్లిస్తాడు, ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. వాడి ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి ఐదు ఇమ్మంటే చేతికి వచ్చినన్ని తీసి ఇస్తాడు. లెక్కపెట్టమంటే ఒకే పిక్క మీద రెండుసార్లు వేలు పెట్టి, పక్కదాన్ని వదిలేస్తాడు. వాడికి అంకెల పేర్లు వచ్చాయి కాని, ఒక్కో పేరు ఒక్కో వస్తువుకు చెందాలన్న సంగతి ఇంకా అందలేదు. ఈ తేడా తెలిసిన టీచరు వాడి చేత పలక నిండా అంకెలు దిద్దించకుండా, మధ్యాహ్నం భోజనం వేళ పళ్లేలు వేసే పని అప్పగిస్తుంది. మనిషికొకటి చొప్పున పెట్టుకుంటూ వెళ్లి, చివర కూర్చున్న పిల్లకు పళ్లెం లేదని వాడే వచ్చి చెప్పిన రోజున వాడికి లెక్క మొదలైందని ఆమె తన పుస్తకంలో రాసుకుంటుంది.

రాత విషయమూ అంతే. మూడేళ్ల పిల్ల క్రేయానును గుప్పిట బిగించి పట్టుకుంటుంది, ఎందుకంటే వేళ్లలోని చిన్న కండరాలకు ఇంకా పట్టు రాలేదు. మట్టి పిసకడం, కాగితాలు చింపడం, పూసలు గుచ్చడం వంటి పనులు ఆ పట్టును తెస్తాయి. ఫీజు కట్టిన తండ్రి మాత్రం నోటుబుక్కు చూపించమంటాడు. ఆయనను చిన్నబుచ్చకుండా కూర్చోబెట్టి ఇదంతా వివరించడం కూడా టీచరు పనే, నా దృష్టిలో అన్నింటికన్నా కష్టమైన పని అదే.

మన ఊరి సంగతే చూడండి. పూజారి ఎత్తైన మాను చివర కూర్చుని ఊరేగే, జనం ఆయన మీదికి అరటిపళ్లు విసిరే పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మరునాడు పిల్లలు బడికి వచ్చి ఏం ఆడతారో గమనించండి. ఒకడు కుర్చీ ఎక్కి పూజారి అవుతాడు, నలుగురు లాగుతారు, ఒక పిల్ల అరటిపళ్లంటూ బంతులు విసురుతుంది. కోట దాకా మూడుసార్లు తిరగాలని ఒకరు, కాదు చాలునని మరొకరు తగువు పడతారు. అల్లరిగా తోచి టీచరు ఆపించిందంటే, భాషకూ లెక్కకూ కలిసి మెలగడానికీ అంతకన్నా మంచి పాఠం ఆ వారంలో మళ్లీ దొరకదు. ఎవరూ కుర్చీ మీద నుంచి పడకుండా పక్కన నిలబడి, రెండోసారి అయిందా, మూడోసారా అని అడిగితే చాలు.

ఇంటి భాషను గురించి ఒక మాట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పిల్లలు తమ ఇంటి పలుకుబడితోనే బడిలో అడుగుపెడతారు. మొదటి నెలలోనే ఆ మాటలను తప్పులుగా దిద్దితే పిల్ల నోరు మూసుకుంటుంది. తిరిగి తెరిపించడానికి ఏడాది పట్టవచ్చు. ఈ సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆదివాసులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నారు. ఈనాటికీ కొండ ఊళ్ల కేంద్రాలలో పనిచేయదలచుకున్నవారికి ఆయన చూపిన దారి ఎంతో పనికొస్తుంది.

దేశంలో ఈ వృత్తికి పునాది వేసినవారిలో తారాబాయి మోడక్ ఒకరు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ల ముంగిట్లోకి వెళ్లాలని మహారాష్ట్రలోని కోస్బాడ్‌లో ఆదివాసుల నడుమ ఆమె చేసి చూపించారు. ప్రభుత్వం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభించడంతో అంగన్‌వాడీలు ఊరూరా వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా గుర్తించింది.

ఇక మీకున్న దారులు. ఇంటర్మీడియెట్‌లో కనీసం 50 శాతం మార్కులున్నవారు రెండేళ్ల పూర్వ ప్రాథమిక విద్య డిప్లొమా, అంటే డీపీఎస్ఈ చదవవచ్చు. నర్సరీ శిక్షణ పేరుతో ప్రైవేటు సంస్థలు రకరకాల కోర్సులు నడుపుతున్నాయి కనుక, ఫీజు కట్టేముందు ఆ సంస్థకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు మన రాష్ట్రంలో సాధారణంగా పదో తరగతి ఉత్తీర్ణురాలైన స్థానిక వివాహితను తీసుకుంటారు, అనుభవంతో సూపర్‌వైజరు కావడానికి అవకాశం ఉంది. వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేయాలనుకుంటే ప్రత్యేక విద్యలో వేరే శిక్షణ ఉంది.

జీతం సంగతి దాచను. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త గౌరవ వేతనం 2019లో 11,500 రూపాయలైంది. ప్రైవేటు నర్సరీలలో అంతకన్నా తక్కువకు పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ఇంత నైపుణ్యం కోరే పనికి ఇది న్యాయమైన ప్రతిఫలం కాదని గట్టిగా నమ్ముతాను, సేవ అన్న పేరు చాటున జీతం కుదించడాన్ని మీరు అంగీకరించనవసరం లేదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం విడిచేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము, పొందే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. ఆ హక్కు ఎంతో కాలం పోరాడినవారి వల్ల వచ్చింది. ప్రైవేటు బడిలో చేరేటప్పుడు నెల జీతం, ప్రసూతి సెలవు కాగితం మీద రాయించుకోండి. తరగతిలో ఎందరు పిల్లలు, ఆయా ఉంటుందా అన్నవీ అడగండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి చూసుకునే పెద్దవారు ఒకరు ఉండాలని చిన్నపిల్లల సంరక్షణ, విద్యపై 2013లో వచ్చిన జాతీయ విధానం చెబుతుంది. నలభై మందిని ఒక్కరికి అప్పగించే చోట ఎంత మంచి టీచరైనా కాపలా మాత్రమే కాయగలదు.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయండి. మీ ఇంటికి దగ్గరలో ఉన్న అంగన్‌వాడీకో నర్సరీకో వెళ్లి, అనుమతి అడిగి, రెండు వారాలు ఉదయం పూట కూర్చోండి. రోజుకొక పిల్లను ఎంచుకుని, ఒక గంటలో ఆ పిల్ల ఏం చేసింది, ఎవరితో ఏం మాట్లాడింది, ఎక్కడ ఆగిపోయింది, కనబడినది కనబడినట్టు రాయండి. మంచి పిల్ల, మొండి పిల్ల అన్న మాటలు మాత్రం వాడవద్దు. ఆ రాత మీకు విసుగనిపిస్తే ఈ వృత్తి మీకు సరిపడకపోవచ్చు, అందులో తప్పేమీ లేదు. రేపు ఆ పిల్ల ఏం చేస్తుందో చూడాలనిపిస్తే, ఆ పుస్తకం పట్టుకుని వచ్చి మీ అధ్యాపకుల ద్వారా నన్ను కలవండి. ఏ కోర్సులో చేరాలో, ఎక్కడ చేరాలో మీరు రాసినది చూసి మాట్లాడుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.