'కింగ్ ఆఫ్ డెవిల్స్ ఐలాండ్' రివ్యూ: పేరు పోయి నెంబరు మిగిలిన పిల్లలు

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక నార్వే సినిమా గురించి మాట్లాడుకుందాం. 2010లో వచ్చిన 'కింగ్ ఆఫ్ డెవిల్స్ ఐలాండ్'. డైరెక్టర్ మారియస్ హోల్స్ట్. క్లైమాక్స్ చెప్పను, ధైర్యంగా వినండి.

నార్వేలో ఓస్లో ఫ్యోర్డ్ అనే సముద్రపాయలో బాస్టోయ్ అని ఒక చిన్న దీవి ఉంది. ఒకప్పుడు అక్కడ బాలనేరస్తుల హోం ఉండేది. 1915లో ఆ పిల్లలు తిరగబడితే అణచడానికి సైన్యాన్ని దింపారు. పిల్లల మీదకి సైన్యం! ఆ నిజ సంఘటన నుంచే ఈ కథ పుట్టింది.

ఎర్లింగ్ అనే కుర్రాడు పడవలో దీవికి వస్తాడు. ఓడల్లో పనిచేసినవాడు, మొండివాడు. రాగానే బట్టలు విప్పించి, యూనిఫాం ఇచ్చి, ఇకనుంచి నువ్వు సి-19 అంటారు. అంతే, పేరు పోయింది. ఆ సీన్‌లో అరుపులు లేవు, ఏడుపులు లేవు. రోజూ చేసే పనిలాగే చేసేస్తారు. నాకు గుండె పట్టేసింది అక్కడే.

వాడిని కనిపెట్టుకుని ఉండమని ఓలావ్‌కి అప్పగిస్తారు. ఓలావ్ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు, ఇంకొన్ని రోజుల్లో విడుదల. నోరు మూసుకుంటే ఇంటికెళ్లిపోవచ్చు. కానీ ఒక బలహీనమైన పిల్లాడిని వార్డెన్ ఏం చేస్తున్నాడో అతనికి తెలిసిపోతుంది. అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

మూడు హార్పూన్లు, అంటే తిమింగలాల్ని వేటాడే ఈటెలు, దిగినా చావకుండా పోరాడిన తిమింగలం కథ ఒకటి ఎర్లింగ్ చెబుతాడు. అది బాగా గుర్తుపెట్టుకోండి.

ఆ హోంని నడిపే గవర్నర్‌గా స్టెలాన్ స్కార్స్‌గార్డ్ నటించాడు. 'చెర్నోబిల్' సిరీస్ చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. క్రమశిక్షణతో పిల్లల్ని బాగుచేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి. నిజం ఎదురొచ్చినప్పుడు మాత్రం చూపు తిప్పేసుకుంటాడు. కొట్టేవాడికంటే ఇలాంటివాడి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పిల్లలు చేసిన నేరాలెంత, వాళ్లకి జరుగుతున్నదెంత!

లోటు కూడా చెప్పాలి. గవర్నర్ భార్య పాత్రని సరిగ్గా రాయలేదు. మధ్యలో కాసేపు కథ సాగదీసినట్టు ఉంటుంది. కెమెరా మాత్రం అద్భుతం. మంచు, బూడిదరంగు సముద్రం, చలికి కమిలిపోయిన ముఖాలు. చూస్తుంటే మనకే వణుకు పుడుతుంది.

ఇప్పుడు ఆ దీవిలో ఓపెన్ జైలు ఉంది. ఖైదీలు అక్కడ వ్యవసాయం చేసుకుంటూ, చెక్క ఇళ్లలో ఉంటారు. సినిమా అయ్యాక ఆ ఫోటోలు చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఒక్క జాగ్రత్త. పిల్లల మీద లైంగిక వేధింపు కథలో భాగం, కాబట్టి ఇంట్లో పిల్లలతో కలిసి చూడొద్దు. నా రేటింగ్ 5కి 4.