స్పీడ్ కెమెరా చెప్పిన అంకెను మనమే సరిచూడవచ్చా?

నమస్కారం. 2012లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక కారు యజమానికి చలాన్ వచ్చింది. గంటకు 25 మైళ్లు దాటకూడని చోట 38 మైళ్ల వేగంతో, అంటే మన లెక్కలో 61 కిలోమీటర్ల వేగంతో వెళ్లారని. చలాన్‌తో పాటు ఇచ్చిన వీడియోలో చూస్తే కారు ఎర్రలైటు దగ్గర ఆగి ఉంది. బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆగి ఉన్న కారుకు 61 కిలోమీటర్ల వేగం!

అక్కడి బాల్టిమోర్ సన్ పత్రిక విలేకరులు దీన్ని అంతటితో వదల్లేదు. చలాన్లలో రెండేసి ఫొటోలు, వాటి మీద సమయం ఉంటాయి. రెండు ఫొటోల మధ్య వాహనం ఎంత దూరం కదిలిందో చూసి, ఆ సమయంతో భాగిస్తే వేగం వస్తుంది. అలా లెక్క కడితే కెమెరా అంకె నిలబడని చలాన్లు బయటపడ్డాయి. కెమెరాలు నడిపే సంస్థ చివరికి ఐదు కెమెరాల్లో 5.2 శాతం తప్పులున్నాయని ఒప్పుకుంది. 2013 ఏప్రిల్‌లో నగరం తన స్పీడ్ కెమెరాలన్నింటినీ ఆపేసింది.

కారణం రాడార్ తరంగాలు. కదిలే బండికి తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం, అంటే సెకనుకు అది ఎన్నిసార్లు కంపిస్తుందన్న లెక్క, మారుతుంది, ఆ మార్పును బట్టి యంత్రం వేగం చెబుతుంది. పెద్ద లారీ రేకులకు తగిలి అటూ ఇటూ చెదిరిన తరంగాలు వస్తే ఆ లెక్క తప్పుతుంది. మన రోడ్ల పక్కన పోలీసులు స్టాండు మీద పెట్టే లేజర్ గన్‌ది వేరే పద్ధతి. అది వెలుగు వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని మళ్లీ మళ్లీ కొలిచి, బండి దూరం ఎలా మారుతోందో చూస్తుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఊపితే కిరణం బండి పక్కభాగం మీద జారుతుంది, దూరం మారినట్టు కనిపిస్తుంది. స్టాండు అవసరం అందుకే.

ఇక మనమే వేగాన్ని సరిచూసే పరీక్ష సంగతి. చాలామంది ఫోనులో వీడియో తీసి, రెండు కరెంటు స్తంభాల మధ్య 50 మీటర్లు కొలిచి లెక్క వేస్తారు. దయచేసి అలా చేయకండి. మీరు రోడ్డుకు ఇవతల నిలబడ్డారు, స్తంభాలు అవతల ఉన్నాయి, కారు మధ్యలో పోతోంది. మీ కంటికి అది మొదటి స్తంభం నుంచి రెండో స్తంభానికి చేరినట్టు కనిపించేలోపు నిజంగా కదిలింది 40 మీటర్లే కావచ్చు. 60లో వెళ్లే కారుకు అందుకు 2.4 సెకన్లు చాలు. మీరేమో 50ని 2.4తో భాగిస్తారు, 75 కిలోమీటర్లు వస్తుంది. కెమెరా సరిగ్గానే ఉంటుంది, మీ పరీక్షే తప్పుతుంది.

దూరాన్ని కారు పోయే దారి మీదే కొలవాలి. రద్దీ లేని ప్రైవేటు ప్రాంగణంలో నేల మీద 50 మీటర్ల ఎడంగా రెండు గీతలు గీయండి. వీడియోలో ముందు చక్రం ఒక్కో గీతను తాకిన ఫ్రేమును, అంటే ఆ క్షణపు బొమ్మను, పట్టుకోండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో 60 కిలోమీటర్ల వేగానికి సరిగ్గా 90 ఫ్రేములు వస్తాయి. ఒక ఫ్రేము అటూ ఇటూ అయినా తేడా కిలోమీటరు కూడా రాదు. గీతల మధ్య దూరాన్ని 5 మీటర్లకు తగ్గిస్తే మాత్రం అదే ఒక్క ఫ్రేము ఆరేడు కిలోమీటర్లను మింగేస్తుంది.

స్పీడోమీటరును సాక్ష్యంగా చూపేవారికి ఒక మాట. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది నియమం, కాస్త ఎక్కువ చూపినా ఫరవాలేదు. కాబట్టి మీటరులో 58 ఉండగా కెమెరా 72 అంటే ఆ అంకెను అడగాల్సిందే.

అడిగే హక్కు మనకుంది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేరిన 167ఎ నిబంధన ప్రకారం ఇలాంటి పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. రాడార్ పరికరాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర తప్పనిసరి చేస్తూ తెచ్చిన నిబంధనలు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కానీ చలాన్‌లో ఒకే ఫొటో ఉంటే బాల్టిమోర్ విలేకరులు చేసిన లెక్క మనం చేయలేం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసులను నేను కోరేది ఇదే: అతివేగం చలాన్ ప్రతిదానికీ సమయం ముద్రించిన రెండు ఫొటోలు, ఆ పరికరం ఆమోద పత్రం తేదీ జత చేయండి.