గుడ్డ కాలాలి, మాంసం కాలకూడదు

(ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి కొంత భాగం)

యాంకర్: ఇవాళ్టి విషయం కొలంబియా వంటకం, లోమో ఆల్ ట్రాపో. బీఫ్‌లో మెత్తటి టెండర్‌లాయిన్ ముక్కని ఉప్పు పరిచిన తడిగుడ్డలో చుట్టి, గ్రిల్లు కూడా లేకుండా నేరుగా నిప్పుల మీద పెట్టేస్తారు. దీని గురించి గత వారం చెఫ్ గారు చెప్పిన దగ్గర్నుంచి ఫోన్లే ఫోన్లు. మొదటి కాలర్ డల్లాస్ నుంచి. హలో, చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. నా మాట వినబడుతోందా?

యాంకర్: మీ మాటా వినబడుతోంది, మీ వెనకాల టీవీ కూడా వినబడుతోంది. కాస్త తగ్గిస్తారా?

కాలర్: ఆఁ, తగ్గించానండీ. మా ఆఫీసులో కొలంబియా రాజధాని బొగొతా ఆయన ఒకరున్నారు. వాళ్లింట్లో తిన్నాం, వెన్నలా ఉంది. సరే మనమూ చేద్దామని పెరట్లో పెట్టాను. గుడ్డ భగ్గున అంటుకుంది. విప్పి చూస్తే పైనంతా ఉప్పు కషాయం, మధ్యలో పచ్చి.

చెఫ్: గుడ్డ ఏది వాడారండీ?

కాలర్: కిచెన్ టవలే. కాటనే అనుకున్నాను. సగం పాలిస్టర్ అని తర్వాత మా ఆవిడ లేబుల్ చదివి చెప్పింది.

చెఫ్: పాలిస్టర్ ముందు కరుగుతుంది, కరిగి మాంసానికి పట్టుకుంటుంది. అది తినకూడదు. అచ్చమైన నూలు గుడ్డే కావాలి. తెల్లది, రంగులూ అచ్చులూ లేనిది, ఫాబ్రిక్ కండిషనర్ తగలనిది. తడిపారా?

కాలర్: నీళ్లు చిలకరించానండీ.

చెఫ్: చిలకరిస్తే చాలదు. నీళ్లలో ముంచి, కారకుండా పిండాలి. కొందరు వైన్‌లో కూడా తడుపుతారు. మంటలు ఉండగానే పెట్టారా?

కాలర్: కొంచెం మంట ఉందండీ.

చెఫ్: మంట పూర్తిగా పోవాలి. బొగ్గుల మీద బూడిద తెల్లగా కమ్ముకుని, లోపల ఎర్రగా కణకణలాడుతుండాలి. అయినా గుడ్డ నల్లబడుతుంది, అక్కడక్కడా రాజుకుంటుంది, చివరికి బొగ్గయిపోతుంది. దానికి కంగారు పడక్కర్లేదు, దాని పని అదే. ఉప్పు గట్టిపడేదాకా మూటని విడిపోకుండా పట్టుకుంటే చాలు. ఇంతకీ ఉప్పు ఏదండీ?

కాలర్: మామూలు టేబుల్ సాల్టేనండీ, మెత్తటిది.

చెఫ్: అదీ సంగతి! మెత్తటి ఉప్పు మాంసంలోని తడికి ఇట్టే కరిగి లోపలికి దిగుతుంది. కల్లుప్పు కావాలి. కిలో మాంసానికి దాదాపు కిలో ఉప్పు పడుతుంది, భయపడకండి, అంతా తినం. గుడ్డ మీద అర సెంటీమీటరుకి తగ్గకుండా సమంగా పరచాలి. పైన ఎండు ఒరెగానో చల్లాలి. పిజ్జాతో వచ్చే పొట్లాలు ఉంటాయిగా, అవైనా పర్లేదు. కొవ్వూ తెల్లటి పొరా తీసేసిన ముక్కని ఒక అంచున పెట్టి బిగుతుగా చుట్టండి. చివర్లు మడిచి, నూలు తాడుతో నాలుగైదు చోట్ల కట్టండి. అప్పుడిక ఆలస్యం చెయ్యకూడదు. మీరు కట్టాక ఎంతసేపు ఉంచారు?

కాలర్: చుట్టాలు వచ్చేదాకా... ఒక గంట ఉంటుందండీ.

చెఫ్: (నవ్వు) మాంసాన్ని ఊరబెట్టేశారు! కట్టగానే నిప్పుల మీదికి పోవాలి. నీళ్లు ఆవిరవుతున్నంతసేపూ ఆ పొరలో వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత ఉప్పు రాయిలా బిగుసుకుంటుంది. నీళ్లు లేకుండా వట్టి వేడికే ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి కనుక గుల్ల నిలబడుతుంది, లోపలి ముక్కకి సెగ నెమ్మదిగా అందుతుంది.

కాలర్: మరి ఎంతసేపండీ?

చెఫ్: కిలో ముక్కకి ఒక్కో వైపు తొమ్మిది, పది నిమిషాలు. కానీ గడియారాన్ని నమ్మను నేను. నిప్పుల వేడి, ఉప్పు మందం ప్రతిసారీ మారతాయి. మాంసం వేడి చూసే థర్మామీటరుని గుడ్డలోంచే మధ్యలోకి గుచ్చండి. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీసేస్తే, పది నిమిషాలు ఆగేసరికి ఇంకో నాలుగైదు డిగ్రీలు పెరిగి మధ్యలో ఎర్రగా ఉంటుంది. కొలంబియాలో ఇష్టపడేది అలాగే. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం 63 డిగ్రీలకి వచ్చాక మూడు నిమిషాలు ఆగమంటుంది. ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే ఆ లెక్కే పాటించండి. తర్వాత కత్తి వెనక వైపుతో గుల్ల పగలగొట్టి, అంటుకున్న ఉప్పంతా దులిపేయండి.

కాలర్: థాంక్సండీ. ఈసారి చుట్టాలు వచ్చాకే కడతాను.

యాంకర్: గుంటూరు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: మేము బీఫ్ తినమండీ. వేటమాంసంతో చెయ్యొచ్చా? పోనీ కోడితో?

చెఫ్: అమ్మా, మేక తొడలో పీచు, నరాలు ఎక్కువ. అవి మెత్తబడాలంటే చాలాసేపు ఉడకాలి, ఇరవై నిమిషాల్లో ఏమవుతుంది? చిన్న ముక్కలు చుడితే ఉప్పు కొట్టి నోట పెట్టలేరు. కోడి 74 డిగ్రీలు దాటాలి, అంతసేపు ఉప్పులో ఉంచితే ఎండిపోతుంది. నన్నడిగితే వద్దు. మీకు నిప్పుల మీద వంటే కావాలంటే అరకు బొంగు చికెన్ చేసుకోండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి కాలుస్తారు. అక్కడా బొంగులోని తడే ముక్కని కాపాడుతుంది, ఉప్పు గొడవ ఉండదు.

కాలర్: బొంగు గుంటూరులో ఎక్కడ దొరుకుతుందండీ!

చెఫ్: (నవ్వు) అరకు వెళ్లే చుట్టాలెవరైనా ఉంటే చెప్పిపెట్టండి.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఇంకొకరు. హలో?

కాలర్: హలో సార్. మాది అపార్ట్‌మెంట్. అండర్‌కట్, అదే టెండర్‌లాయిన్, మా దగ్గర మంచిది దొరుకుతది. బాల్కనీల చిన్న కుంపటి పెట్టి చేస్తే నడుస్తదా?

చెఫ్: వద్దు తమ్ముడూ. గుడ్డ కాలితే నిప్పురవ్వలు లేస్తాయి, పైన ఎవరిదో బట్టల తీగ ఉంటుంది. తలుపులు మూసి లోపల అసలే వద్దు. బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, మనిషిని పడేస్తుంది. 

కాలర్: ఓవెన్ల పెడితే?

చెఫ్: గుడ్డ తీసెయ్. కల్లుప్పులో గుడ్డు తెల్లసొన కలిపి, ముక్క చుట్టూ మందంగా మెత్తి, 200 డిగ్రీల్లో పెట్టు. థర్మామీటరు లెక్క అదే. పొగ వాసన మాత్రం రాదు, ముందే చెబుతున్నా.

కాలర్: ఆ పొగ కోసమే కద సార్ ఇదంత!

చెఫ్: అయితే ఊరెళ్లినప్పుడు చేసుకో, ఖాళీ జాగాలో. పక్కన బకెట్ నీళ్లు, పొడుగు పట్టకారు ఉంచుకో. నంజుకోడానికి అరెపా, అంటే కొలంబియా మొక్కజొన్న రొట్టె, లేకపోతే ఆ నిప్పుల్లోనే నాలుగు ఆలుగడ్డలు పడెయ్. ఇంకో మాట, అయిపోయాక ఆ ఉప్పు గుల్ల మొక్కల మొదట్లో పోయకు, చచ్చిపోతాయి.