పాత ఫైబర్ బోటు బేరం: ఇద్దరికీ గిట్టేలా ఎలా ఆడాలి?

అందరికీ నమస్కారం. గాలి మోత ఎక్కువగా వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఉప్పాడ ఒడ్డు మీద నిలబడి మాట్లాడుతున్నాను. నా వెనకాల చూడండి, ఎన్ని బోట్లు ఇసకలో వరసగా ఉన్నాయో. వేట నిషేధం కదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరంలో ఇంజిను బోటేదీ వేటకు వెళ్లకూడదు. అందుకే అన్నీ ఒడ్డెక్కాయి.

పాత బోటు కొనాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి టైం లేదు, ఎందుకంటే బోటు అడుగు కళ్లారా కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడు చూపించమంటే ఎవరు చూపిస్తారు? కానీ ఇంతకంటే చెడ్డ టైం కూడా లేదు, సముద్రంలో నడిపి చూడలేం. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రెండు నెలలూ అమ్మేవాడి చేతిలో డబ్బు ఆడదు. జూన్ వచ్చేసరికి పిల్లల ఫీజులు, పుస్తకాలు. ఆ సంగతి కొనేవాడికి బాగా తెలుసు. అక్కడే చాలామంది బేరం తప్పుతుంది, నాది కూడా తప్పింది, ముందు అదే చెప్తాను.

2022లో నేను ఒక ఫైబర్ బోటు కొన్నాను. ఆయన 2 లక్షల 90 వేలు చెప్పాడు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాడని, డబ్బు అర్జెంటని నాకు ముందే తెలుసు. నేనేం చేశానంటే, 2 లక్షల 10 వేలు నోట్ల కట్టలు తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "ఇష్టమైతే తీసుకో బాబాయ్, లేకపోతే నేను వేరే బోటు చూసుకుంటా" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తీసుకున్నాడు. నేనేమో ఇంటికొచ్చి 80 వేలు మిగిలాయని అందరికీ చెప్పుకున్నా. ఆ తర్వాత పేరు మార్పుకి సంతకం పెట్టడానికి ఆఫీసుకి రమ్మంటే, ఇవాళ కాదు రేపంటాడు, రేపు ఊళ్లో లేనంటాడు, ఏడు నెలలు అలాగే తిప్పాడు. కాగితాల మీద బోటు ఆయనదే కాబట్టి డీజిలు సబ్సిడీ నాకు రాలేదు, తర్వాతి నిషేధంలో ఇచ్చే భృతి జాబితాలో కూడా ఓనరుగా ఆయన పేరే ఉంది. అప్పట్లో అది 10 వేలు, ఇప్పుడు 20 వేలు చేశారు. వీటికితోడు నా తిరుగుళ్లు, పోయిన పనిరోజులు. ఆయన్ని తిట్టుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే, ఆయన జాగాలో నేనున్నా అలాగే చేసేవాణ్ణేమో. బోటు అమ్మిన మనిషితో మనకి డబ్బులిచ్చిన రోజుతో పని అయిపోదు, కాగితాలు మారేదాకా ఆయన మనతో ఉండాలి.

సరే, ఇప్పుడు విషయంలోకి వద్దాం.

ఫోన్‌లో రేటు మాట్లాడకండి. "లాస్ట్ ఎంతకిస్తావు బాబాయ్" అని బోటు చూడకుండానే అడిగేవాళ్లున్నారు. అలా అడిగితే ఆయన తెలివైనవాడైతే పెంచి చెప్తాడు, అమాయకుడైతే తగ్గించి చెప్పి తర్వాత బాధపడతాడు. ఫోన్‌లో అడగాల్సినవి వేరే. బోటు ఎన్నేళ్లయింది, ఇంజిను బోటుతోపాటు వచ్చిందా తర్వాత వేసిందా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది, దాని మీద ఎవరికైనా బాకీ ఉందా. ఈ నాలుగింటికి తడుముకోకుండా జవాబు చెప్తే వెళ్లి చూడండి.

వెళ్లేటప్పుడు ఐదారుగురిని వేసుకుని వెళ్లొద్దు. మీరు, తెలిసిన మెకానిక్ ఒకడు, చాలు. గుంపుగా వెళ్లి తలా ఒక వంక పెడుతుంటే ఆయనకి పరువు పోయినట్టు ఉంటుంది. ఒడ్డు మీద పదిమంది వింటుండగా "ఇది పుచ్చిపోయింది, ఇదెవడు కొంటాడు" అని గట్టిగా అనడం అయితే అసలు వద్దు. సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా తిరుగుతుంది, మీరు కొనకపోయినా ఆయన రేటు మీరు దించేసినట్టే.

ఇప్పుడు అడుగు చూద్దాం. కెమెరా కొంచెం కిందకి... ఆ, ఇక్కడ. ఇలా రూపాయి బిళ్ల తీసుకుని జానెడు జానెడుకి కొడుతూ పోవాలి. వినండి. టంగ్, టంగ్, టంగ్, ఇది గట్టిగా ఉంది. ఇక్కడ... డబ్, డబ్. తేడా వినపడిందా? లోపల ఫైబర్ పొరలు విడిపోయి గాలో నీరో చేరితే ఇలా బోలుగా మోగుతుంది. పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి పెట్టుకోండి. అరచేయంత ఉంటే కంగారు లేదు, చేటంత ఉంటే ఆలోచించాలి. పైన చిన్న చిన్న బొబ్బల్లాగా కనిపిస్తే నీరు పొరల్లోకి దిగుతోందని అర్థం. మా ఉప్పాడ బోట్లకి ఇంకో జబ్బుంది. ఒడ్డు కోసుకుపోతోందని ఇక్కడ పొడుగునా రాళ్లు పోశారు కదా, కెరటం తోసినప్పుడు ఆ రాళ్లకి రాసుకుని అడుగు మధ్యలో పొడుగ్గా అరిగిపోతుంది. అక్కడ చేత్తో తడిమి చూడండి. ఒక్కచోటే కొత్త రంగు వేసి ఉంటే, "ఇక్కడ ఏం పని చేయించారు" అని మామూలుగా అడగండి. దొంగని పట్టినట్టు అడగొద్దు. మ్యాటు, రెజిను, అంటే ఫైబర్ గుడ్డ, దాన్ని గట్టిపరిచే జిగురు వేసి సరిగ్గా బాగుచేసిన అతుకు తప్పేమీ కాదు, చెప్పకుండా దాచడమే తప్పు.

ఇంకొక ప్రశ్న, ఇది నాకొక ముసలి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, నేర్పించాడు. "ఈ బోటు కొత్తలో ఒడ్డుకి లాగడానికి ఎంతమంది పట్టేవారు, ఇప్పుడు ఎంతమంది పడుతున్నారు?" కొత్తలో ఎనిమిది మందికి వచ్చేది ఇప్పుడు పన్నెండు మంది లాగాల్సొస్తోందంటే, తేలడానికి లోపల పెట్టిన ఫోమ్ నీళ్లు తాగింది. అది ఎండబెడితే పోయేది కాదు. డీజిలు ఎక్కువ తాగుతుంది, సరుకు తక్కువ మోస్తుంది. ఇలాంటి బోటుకి బేరం ఆడటం కంటే దండం పెట్టి వచ్చేయడం నయం. వెనకాల ఇంజిను బిగించే బల్ల కూడా చూడండి. ఔట్‌బోర్డ్, అంటే బోటు వెనక బయటికి బిగించే ఇంజిను ఉంటే, దాని కాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. బల్ల కదిలినా, బోల్టుల చుట్టూ చీలికలు కనిపించినా లోపలి చెక్క మెత్తబడిందన్నమాట.

ఇంజిను విషయంలో ఒకటే పట్టుదల, మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి. "ఇందాకే స్టార్ట్ చేసి చూశానండీ, భలే ఉంది" అంటే, సరే టీ తాగొద్దాం పదండి అని గంట ఆగండి. వేడి ఇంజిను అబద్ధం చెప్తుంది. హ్యాండిల్ తిప్పేటప్పుడు చేతికి బరువు తగలాలి, ఊరికే తిరిగిపోతే కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, పోయినట్టు. స్టార్ట్ అయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతోంది, పిస్టన్ రింగుల పని ఉంటుంది. లోడు లేకుండానే నల్ల పొగ వస్తే డీజిలు సరిగ్గా మండట్లేదు, ఒక్కోసారి ఫిల్టరు, డీజిలు చిమ్మే నాజిలు చూస్తే సరిపోతుంది. ఆయిల్ పుల్ల తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులోకి నీళ్లు పోయాయి. ఇంజిను నంబరు ఫోటో తీసుకుని కాగితంలో ఉన్న నంబరుతో కలిపి చూడండి.

ఇప్పుడు అసలు బేరం. చూసినవన్నీ ఒక కాగితం మీద రాయండి, అది కూడా అమ్మే ఆయన పక్కన కూర్చుని, ఆయన చూస్తుండగా. మెకానిక్ ఒక్కోదానికి ఖర్చు చెప్తాడు. కిందటేడు నేను కొన్న రెండో బోటు లెక్క చెప్తాను, మీకు అర్థమవుతుంది. ఆయన 3 లక్షల 20 వేలు అడిగాడు, వలలు కాకుండా. అడుగు పని 22 వేలు, నాజిలు, ఫిల్టర్లు 6 వేలు, ఫ్యాను తిప్పే షాఫ్టు చుట్టూ ఉండే బుష్షులు 4 వేలు, కొత్త రంగు 8 వేలు. మొత్తం 40 వేలు. నా మెకానిక్ 40 తగ్గించమని చెవిలో చెప్పాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే ఫిల్టర్లు, బుష్షులు, రంగు ఏ బోటుకైనా ఏటా ఉండేవే, పాత బోటు రేటులో ఆ అరుగుదల ముందే ఉంటుంది. ఇంకోసారి వాటికి కోత పెడితే ఒకే దానికి రెండుసార్లు తగ్గించమన్నట్టు. అడుగు పని మాత్రం ఆయన చెప్పింది కాదు, మేం బిళ్లతో కొడితే బయటపడింది. అది మొత్తం తగ్గించమన్నాను. "మామయ్యా, ఇది నీకూ తెలియదేమో, నాకూ తెలియదు, ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది" అన్నాను. ఆయన కాసేపు తటపటాయించి, వేరేవాళ్లని పిలిచి కొట్టి చూపించుకుని, సరే అన్నాడు. 2 లక్షల 98 వేలకి కుదిరింది.

ఇంకోటి, బాగున్నవి కూడా కాగితంలో రాయండి. ఆయన ఇంజినుకి కొత్తగా పిస్టన్ వేయించాడు, బిల్లు చూపించాడు. అది నేను నోరు మూసుకుని లాభం వేసుకోవచ్చు, కానీ ఆయన అడిగిన రేటులో అది ఉంది కదా, అందుకే కిందకి లాగలేదు. కొత్త బోటు రేటుతో పోల్చి "సబ్సిడీలో కొత్తదే వస్తుంటే నీది ఎందుకు కొనాలి" అనేవాళ్లున్నారు. పీఎం మత్స్య సంపద యోజన అనే కేంద్ర పథకంలో సంప్రదాయ మత్స్యకారులకి బోటు, వలలు కలిపి 5 లక్షలుగా లెక్కగట్టి, జనరల్ వాళ్లకి అందులో 40 శాతం, మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 60 శాతం సబ్సిడీ పెట్టారు. కానీ అది మీకు మంజూరైతే కదా. చేతిలో లేని దాన్ని చూపించి బేరమాడటం ఎదుటివాడికి కూడా తెలిసిపోతుంది. అమ్మే బోటే సబ్సిడీలో వచ్చిందైతే మాత్రం, చేతులు మారడానికి షరతులు ఉన్నాయేమో మత్స్యశాఖ ఆఫీసులో అడిగాకే బయానా ఇవ్వండి.

బాకీల సంగతి. బ్యాంకు లోను ఉంటే క్లియరెన్స్ కాగితం తెమ్మంటాం, అది తేలికే. సావుకారి దగ్గర తీసుకున్న పెట్టుబడే చిక్కు. వేటకి, వలలకి డబ్బిచ్చి, పట్టిన చేపంతా తనకే వేయాలని మాట తీసుకుంటారు కదా, ఆ బాకీ ఏ ఆఫీసు కాగితంలోనూ కనపడదు. బోటు మీ చేతికొచ్చాక మొదటి వేట నుంచి వచ్చేసరికి సావుకారి మనిషి ఒడ్డున నిలబడి ఉంటాడు. అందుకని మొహమాటం లేకుండా అడగండి, "బాబాయ్, ఎవరికైనా ఇవ్వాల్సింది ఉంటే చెప్పు, ముగ్గురం కూర్చుని తేల్చేద్దాం" అని. ఉంటే, బోటు డబ్బులోంచి అంత నేరుగా సావుకారికే ఇచ్చి, ముట్టినట్టు చీటీ రాయించుకోండి. అమ్మే ఆయనకీ తలనొప్పి వదులుతుంది. బాకీ ఉందని తెలిసింది కదా అని దాన్ని పట్టుకుని రేటు ఇంకా నొక్కడం మాత్రం చేయకండి. ఆయన అప్పు వల్ల బోటు అడుగు అరగలేదు.

కాగితం రాసుకునేటప్పుడు బోటు నంబరు, ఇంజిను నంబరు, ఏమేమి వస్తున్నాయో ఒక్కోటి పేరు పెట్టి రాయండి. లంగరు, తాళ్లు, ఐసు పెట్టె, జీపీఎస్, లైఫ్ జాకెట్లు, బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే ట్రాన్స్‌పాండర్ ఇచ్చి ఉంటే అది. "అన్నీ నీకే కదా" అన్న మాట మీద మా ఊళ్లో తాడు దగ్గర కొట్టుకున్నవాళ్లున్నారు, నవ్వకండి, నిజం. పేరు మార్పుకి, వేట లైసెన్సుకి ఎవరు తిరగాలి, ఖర్చు ఎవరిది అనేది కూడా అందులోనే రాయండి. నేనైతే ఖర్చు నాదే అంటాను, ఆయన వచ్చిన రోజు కూలి కూడా ఇస్తాను. డబ్బు బ్యాంకులో వేయండి.

ఇక నడిపి చూడటం. నిషేధంలో కొంటే మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు, అలాగని సగం బిగబట్టి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు. నా రెండో బోటుకి 2 లక్షల 68 వేలు మే నెలలోనే ఇచ్చేశాను, పిల్లల ఫీజుల ముందే. 30 వేలు ఆపాను, జూన్ 15న సముద్రంలో రెండు గంటలు నడిపి చూశాక ఇస్తానని, ఏం తేడా వస్తే ఎంత తగ్గుతుందో కూడా కాగితంలో రాసుకున్నాం. ఆ తెల్లవారుజామున నేను ఫోన్ చేయకముందే ఆయన వచ్చి ఒడ్డున కూర్చుని ఉన్నాడు. తనే హ్యాండిల్ తిప్పాడు. గంటన్నర బాగానే నడిచింది, తర్వాత షాఫ్టు దగ్గర చిన్న చప్పుడు మొదలైంది. నేను వినలేదు, ఆయనే విని, ఇంజిను ఆపించి, చూపించాడు. బుష్షు. అది ఏటా ఉండేదే కాబట్టి నేను మార్పించుకుంటానన్నాను, ఒడ్డుకొచ్చాక 30 వేలు పూర్తిగా ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం బండి మీద ఆఫీసుకెళ్లి సంతకాలు పెట్టొచ్చాం.

ఇదిగో, ఆ బోటు ఇదే. బుష్షు ఎలా మారుస్తారో వచ్చే వీడియోలో చూపిస్తాను, ఇప్పుడు ఎండ మండిపోతోంది.