చకోరం పిల్లలు ఎక్కిన వాలు

శ్రోతలందరికీ నమస్కారం.

చకోరం అనగానే మనకు వెన్నెల గుర్తొస్తుంది. వెన్నెల తాగి బతుకుతుందని మన కవులు ఎన్ని పద్యాలు కట్టారో! ఆ పేరున్న అసలు పిట్ట మాత్రం మన కౌజుకు చుట్టం. హిమాలయాల రాతి వాలుల్లో గింజలు ఏరుకుని తిరుగుతుంది. పక్షులకు ఎగరడం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు నాకు బాగా నచ్చిన జవాబు ఈ పిట్ట దగ్గరే దొరికింది.

1861లో జర్మనీలోని బవేరియా సున్నపురాతిలో ఆర్కియోప్టెరిక్స్ అనే పాతకాలపు పక్షి అస్థిపంజరం బయటపడింది. ఈకలున్న రెక్కలు, నోట్లో పళ్లు, పొడవాటి ఎముకల తోక. వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. రెండు కాళ్ల మీద పరుగెత్తే చిన్న డైనోసార్ల నుంచే పక్షులు వచ్చాయని ఇవాళ దాదాపు శాస్త్రవేత్తలందరూ ఒప్పుకుంటున్నారు. తగాదా వేరే చోట ఉంది. చెట్టెక్కి కిందికి జారుతూ ఎగరడం నేర్చాయా, నేల మీద పరుగెడుతూ పైకి లేచాయా? అసలు ఎగరలేని సగం రెక్క దేనికి పనికొచ్చింది? అన్ని తరాలు దాన్ని ఎందుకు మోశాయి?

అమెరికాలో మోంటానా విశ్వవిద్యాలయంలో కెన్ డయల్ అనే ప్రొఫెసర్ చకోరం పిల్లల్ని పెంచుతూ, అవి ఎగరడం ఎలా నేర్చుకుంటాయో గమనించేవారు. పశువుల పెంపకందారు ఒకాయన వచ్చి, వీటిని ఇలా నేల మీద ఉంచితే ఎలా, ఎక్కడానికి ఏదైనా పెట్టమన్నాడట. ఎండుగడ్డి కట్టలు వేశారు. ప్రొఫెసర్ ఊళ్లో లేనప్పుడు పిల్లల్ని చూసుకుంటున్న ఆయన కొడుకు ఫోన్ చేసి, ఇవి మోసం చేస్తున్నాయి, ఎగరకుండా కాళ్లతోనే ఎక్కేస్తున్నాయి అన్నాడు.

ఆ మోసంలోనే ఉంది విషయమంతా.

పిల్లలు కాళ్లతో పరుగెత్తి ఎక్కుతున్నాయి, రెక్కలూ కొడుతున్నాయి. పైకి లేవడానికి కాదు. ఆ రెక్క దెబ్బకు ఒళ్లు వాలుకు అదుముకుంటుంది, కాలికి పట్టు దొరుకుతుంది. పట్టు. రెక్క చేసే పని ఇక్కడ అదే. ఈకలు కత్తిరిస్తే అంత నిటారు వాలు ఎక్కలేకపోయాయి. నున్నటి పలక మీదా జారిపోయాయి. ఎదిగిన చకోరాలు నిలువు గోడే కాదు, 105 డిగ్రీల వాలు, అంటే మన మీదికి ఒరిగినట్టుండే గోడను కూడా ఎక్కేశాయి. 2003లో డయల్ ఇదంతా సైన్స్ పత్రికలో రాశారు.

అంటే సగం రెక్కకు కూడా పనుంది. వెనక నక్క తరుముతుంటే కాస్త నిటారు బండ ఎక్కగలిగిన పిల్ల బతుకుతుంది. ఇంకాస్త పెద్ద రెక్క ఉన్నది ఇంకాస్త పైకి పోతుంది.

ఇలా ఎక్కాలంటే రెక్కను వీపు మీదికి బాగా ఎత్తి కొట్టాలి; ఆర్కియోప్టెరిక్స్ భుజం అంత ఎత్తనిచ్చేది కాదని కొందరి అభ్యంతరం. అది గట్టిదే. చైనాలో దొరికిన మైక్రోరాప్టర్ అనే చిన్న డైనోసార్‌కైతే కాళ్లకూ పొడవాటి ఈకలున్నాయి, చెట్ల వాదం వాళ్లకు అదే బలం. అయినా నా మొగ్గు చకోరం వైపే. రాతిలో ఊహించుకోవాల్సింది ఇక్కడ కళ్లెదుట పరుగెడుతోంది కదా!

మీ ఇంట్లో నాటుకోళ్లుంటే ఒక పని చేయండి. సాయంత్రం తల్లికోడి గూటికి ఎక్కే చోట ఓ చెక్కను ఏటవాలుగా ఆనించండి. వారం, పది రోజుల పిల్లలు దాని మీద ఎక్కేటప్పుడు కాళ్లను కాదు, రెక్కల్ని చూడండి. చెక్క నున్నగా ఉంటే పిల్లలు జారతాయి, దాని మీద గోనెసంచి కప్పడం మరిచిపోకండి.

నమస్కారం.