సీ219 బ్యాండును ఎంతవరకు నమ్మాలి?

అందరికీ నమస్కారం. కీమోథెరపీ మందులకు లొంగని కణాల మీద పనిచేసే ల్యాబుల్లో సీ219 యాంటీబాడీ తెలియనివాళ్లు తక్కువ. దాంతో పీ-గ్లైకోప్రోటీన్ (మందుల్ని కణం బయటికి తోసే పొర ప్రోటీన్) బ్లాట్ తీయడం, అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజువారీగా విడదీసి యాంటీబాడీతో దాన్ని బ్యాండుగా చూడటం, కష్టమేమీ కాదు. వచ్చిన బ్యాండు నిజంగా పీ-గ్లైకోప్రోటీన్‌దేనా అని తేల్చుకోవడమే కష్టం. ఈరోజు ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

1976లో జూలియానో, లింగ్ కొల్చిసిన్‌కు లొంగని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల పొరలో దాదాపు 170 కిలోడాల్టన్ల గ్లైకోప్రోటీన్‌ను గుర్తించారు. విన్‌బ్లాస్టిన్, డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటి మందుల్ని ఏటీపీ (కణంలోని శక్తి అణువు) ఖర్చుపెట్టి కణం బయటికి తోసేది ఇదే. మనుషుల్లో దీని జన్యువు ఏబీసీబీ1, పొడవు 1280 అమైనో ఆమ్లాలు. 1985లో లింగ్ బృందం సీ219ను ప్రచురించింది.

ఈ యాంటీబాడీ గుర్తించేది ఆరు అమైనో ఆమ్లాల వరుస: వాలీన్, గ్లుటమిన్, గ్లుటామిక్ ఆమ్లం, అలనిన్, ల్యూసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ప్రోటీన్ రెండో సగంలో ఇది ఇలాగే ఉంటుంది. మొదటి సగంలో మూడో స్థానంలో మాత్రం వేరే అమైనో ఆమ్లం ఉంటుంది. రెండూ ఏటీపీ అంటుకునే భాగాల దగ్గర, అంటే కణం లోపలివైపు ఉన్నాయి. సీ219 గుణదోషాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. ఆ వరుస జాతుల మధ్య పెద్దగా మారలేదు కాబట్టి హామ్‌స్టర్, ఎలుక, మనిషి నమూనాలన్నిటిలో పనిచేస్తుంది. లోపలివైపు ఉంది కాబట్టి బతికున్న కణాలకు పైనుంచి కలిపితే అంటుకోదు. ఫ్లో సైటోమెట్రీకి (కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే పద్ధతి) వాడాలంటే కణాల్ని ఫిక్స్ చేసి, పొరకు రంధ్రాలు చేయాలి. ఇక చిక్కేమిటంటే, పీ-గ్లైకోప్రోటీన్‌కు దగ్గరి బంధువులైన ఏబీసీబీ4, ఏబీసీబీ11లను కూడా సీ219 పట్టుకుంటుంది. కాలేయం కోతలో పైత్యరస సూక్ష్మనాళికల వెంట చక్కటి గీతలా రంగు వస్తే సంబరపడకండి. ఆ మూడూ అక్కడే ఉంటాయి, బ్లాట్‌లో సైజును బట్టి విడదీద్దామన్నా దాదాపు ఒకే చోట పడతాయి. కండర కణజాలంలోనైతే మయోసిన్ భారీ గొలుసు కూడా అంటుకుంటుంది, 200 కిలోడాల్టన్ల దగ్గర.

బ్లాట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు శాంపిల్‌ను మరిగించడం. అలవాటుగా 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెట్టేస్తారు. పొరలో పన్నెండుసార్లు దాటే ప్రోటీన్ ఇది. ఆ వేడికి ముద్దకట్టి జెల్ బావిలోనే ఆగిపోతుంది. పైన నల్లటి మరక, 170 దగ్గర ఖాళీ కనిపిస్తే కారణం ముందు అక్కడ వెతకండి. ఎస్‌డీఎస్ (ప్రోటీన్‌ను విప్పే డిటర్జెంట్), అప్పటికప్పుడు కలిపిన డీటీటీ (డైసల్ఫైడ్ బంధాల్ని తెంచే రసాయనం) ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు చాలు. జెల్ 7.5 శాతానికి మించొద్దు. మందులకు లొంగని కణాల లైనుకు 20 మైక్రోగ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. కణజాలానికైతే పొరల్ని వేరుచేసి ఎక్కించడం మేలు. ట్రాన్స్‌ఫర్ (ప్రోటీన్‌ను జెల్ నుంచి బ్లాట్ మెంబ్రేన్ మీదికి మార్చడం) తడి పద్ధతిలో, చల్లగా, 30 వోల్టుల దగ్గర రాత్రంతా నడపండి. మెథనాల్ 10 శాతానికి తగ్గించి, 0.05 శాతం ఎస్‌డీఎస్ కలిపితే పెద్ద ప్రోటీన్ జెల్ నుంచి సులువుగా కదులుతుంది. సీ219ను మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాముతో మొదలుపెట్టి, మీ నమూనాకు తగ్గట్టు సరిచేసుకోండి. లోడింగ్ కంట్రోల్‌గా (అన్ని వరుసల్లో సమానంగా ఎక్కించామా అని చూసే ప్రోటీన్) ఆక్టిన్ కన్నా సోడియం-పొటాషియం ఏటీపేజ్ నయం, అది కూడా పొరలోదే కాబట్టి.

బ్యాండు కాస్త వెడల్పుగా, అంచులు చెదిరినట్టు ఉంటే కంగారుపడక్కర్లేదు. చక్కెర గొలుసులున్న ప్రోటీన్ అలాగే కనిపిస్తుంది. అనుమానముంటే పీఎన్‌గేజ్ ఎఫ్ ఎంజైమ్‌తో ఆ గొలుసుల్ని తీసేయండి: బ్యాండు 140 దగ్గరికి దిగాలి. అయితే ఈ పరీక్ష ఒక్కటే బంధు ప్రోటీన్లను పక్కన పెట్టలేదు, వాటికీ చక్కెరలున్నాయి.

కంట్రోల్ లైన్ల విషయంలో ఒక మాట. పాత పేపర్లలో ఎంసీఎఫ్-7/ఏడీఆర్ అని కనిపించే లైను రొమ్ము క్యాన్సర్‌ది కాదు. అండాశయ క్యాన్సర్ లైను ఓవీసీఏఆర్-8 నుంచి వచ్చిందని తర్వాత తేలింది. ఇప్పుడు దాని పేరు ఎన్‌సీఐ/ఏడీఆర్-ఆర్‌ఈఎస్. పాజిటివ్ కంట్రోల్‌గా మంచిదే, కానీ పక్కన పెట్టాల్సిన నెగెటివ్ ఓవీసీఏఆర్-8, ఎంసీఎఫ్-7 కాదు. ఇప్పటికీ ఈ తప్పు జత కనిపిస్తుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఆ పోలికలో తేడా మందువల్ల వచ్చిందో, వేరే కణజాతి కావడంవల్ల వచ్చిందో చెప్పే దారే ఉండదు.

1996లో వెలువడిన నిపుణుల ఏకాభిప్రాయ సిఫార్సులు వేర్వేరు ఎపిటోప్‌లున్న (ప్రోటీన్‌లో యాంటీబాడీ అంటుకునే చోట్లు) రెండు యాంటీబాడీలైనా వాడమన్నాయి. నా దృష్టిలో ఇది సలహా కాదు, కనీస నియమం. రెండోదాన్ని ఎంచుకునేటప్పుడు దాని దోషం మొదటిదాని దోషం కాకుండా చూసుకోండి. సీ494 అనే మరో యాంటీబాడీ బంధు ప్రోటీన్ల జోలికి పోదు గానీ, పైరువేట్ కార్బాక్సిలేజ్‌ను పట్టుకుంటుంది, అది 130 కిలోడాల్టన్ల దగ్గర పడుతుంది. పైగా ఆ ఎంజైమ్‌లో సహజంగానే బయోటిన్ ఉంటుంది. బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతిలో (స్ట్రెప్టావిడిన్ బయోటిన్‌కు గట్టిగా అంటుకుంటుంది) చూస్తే ఏ యాంటీబాడీ లేకుండానే బ్యాండు రావచ్చు.

బతికున్న కణాలకైతే బయటి ఎపిటోప్‌ను గుర్తించే ఎంఆర్‌కే16, యూఐసీ2 ఉన్నాయి. పంపు పనిచేస్తూ ఆకారం మార్చుకునేటప్పుడు యూఐసీ2 ఎక్కువగా అంటుకుంటుంది. అందుకే 37 డిగ్రీల దగ్గర, విన్‌బ్లాస్టిన్ ఉన్నప్పుడు, లేనప్పుడు పోల్చి చూస్తే పంపు పనితీరు గురించి కూడా కొంత తెలుస్తుంది. చనిపోయిన కణాల్ని 7-ఏఏడీతో (చనిపోయిన కణాల్లోకే చొరబడే రంగు) గేటు బయట, అంటే లెక్కలోకి తీసుకునే కణాల పరిధి బయట పెట్టండి, లేకపోతే అవి ఏ యాంటీబాడీనైనా పీల్చుకుని తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. లుకేమియా నమూనాల్లో మరో చిక్కుంది: ఆరోగ్యమైన సీడీ56 ఎన్‌కే కణాల్లోనూ (ఒక రకం తెల్ల రక్తకణాలు; సీడీ సంఖ్యలు కణాల పైనుండే గుర్తులు), సీడీ34 మూలకణాల్లోనూ ఈ ప్రోటీన్ సహజంగానే ఎక్కువ. బ్లాస్టుల (లుకేమియాలోని అపరిపక్వ కణాల) మీద గేటు పెట్టకుండా మొత్తం నమూనాకు ఒకే శాతం రాస్తే ఆ సంఖ్య రోగికి పనికిరాదు. ఎన్‌కే కణాల్ని మాత్రం అదే ట్యూబులో పాజిటివ్ కంట్రోల్‌గా వాడుకోవచ్చు. దాంతోపాటు రోడమిన్ 123 (ఈ పంపు బయటికి తోసే మెరిసే రంగు) నింపి, వెరాపమిల్ (పంపును అడ్డుకునే మందు) ఉన్నప్పుడు, లేనప్పుడు ఎంత బయటికి పోతుందో కొలవండి. ప్రోటీన్ ఉండి రంగు బయటికి పోకపోతే ముందు యాంటీబాడీ గేటును, ఆ తర్వాత కణాల ఏటీపీ స్థితిని అనుమానించండి. ప్రోటీన్ కనిపించకుండానే రంగు పోతుంటే ఇంకో పంపు ఉందేమో చూడాలి.